రూపాయి బిల్ల మీద అక్షరాలు రెండుగా కనిపిస్తే: డబుల్డ్ డై ఏది, ఉత్త డబ్లింగ్ ఏది

ఈ మధ్య ఏ వాట్సాప్ గ్రూప్ చూసినా, ఏ రీల్ తెరిచినా ఒకటే ముచ్చట. మీ ఇంట్లో పాత ఐదు రూపాయల బిల్ల ఉన్నదా, దాని మీద సంవత్సరం రెండుగా కనిపిస్తున్నదా, అయితే మీరు లక్షాధికారి అని. ఇంతకుముందు వైష్ణోదేవి బొమ్మ బిల్ల అన్నరు, దానికంటే ముందు ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటు అన్నరు, ఇప్పుడు వంతు డబుల్డ్ డైకి వచ్చింది. హన్మకొండ చౌరస్తా నుంచి ములుగు రోడ్డు దాకా గల్లా పెట్టె ఉన్న ప్రతి దుకాణంలో ఎవరో ఒకరు ఫోన్ కెమెరా జూమ్ చేసి చిల్లర తిప్పి తిప్పి చూస్తనే ఉన్నరు.

తమాషా ఏందంటే ఇది మొత్తం అబద్ధం కాదు. డబుల్డ్ డై, అంటే బిల్లను కొట్టే అచ్చు మీదనే ముద్ర రెండుసార్లు పడుడు, నిజంగనే ఉన్నది, వెయ్యి డాలర్ల పైన పలికే పెన్నీలు (అమెరికా ఒక్క సెంటు బిల్లలు) నిజంగనే ఉన్నయి. కానీ మన చేతికి వచ్చే చిల్లరలో రెండుగా కనిపించే బిల్లల్లో చాలా మటుకు అది కాదు, వేరే కారణంతో అట్ల అయినయి. కిటుకంతా ఒక్క ప్రశ్నలో ఉన్నది: రెండో ముద్ర ఎక్కడ పడ్డది, బిల్ల మీదనా, బిల్లను కొట్టే అచ్చు మీదనా?

బిల్ల కంటే ముందు అచ్చు, అచ్చు కంటే ముందు ఇంకో అచ్చు

టంకశాలలో బిల్లను కొట్టే ఉక్కు అచ్చును డై అంటరు. దాని మీద బొమ్మ, అక్షరాలు అన్నీ లోపలికి గుంటలుగా, తిరగేసి ఉంటయి. కింద ఒక డై, పైన ఒక డై, నడుమల ఖాళీ లోహపు బిల్ల, దాన్ని ప్లాంచెట్ అంటరు. ప్రెస్ ఒక్క దెబ్బ కొడితే రెండు దిక్కుల బొమ్మలు ఒకేసారి పడ్తయి. ఇప్పటి ప్రెస్సులు నిమిషానికి వందల బిల్లలు కొడ్తయి కాబట్టి ఒక డై అరిగిపోయే లోపల లక్షల బిల్లలు దాని కింది నుంచి పోతయి.

మరి ఆ డై ఎట్ల తయారైతది? ఎవరో కూచుని ఒక్కో డైని చేత్తో చెక్కరు. హబ్ అని ఇంకో ఉక్కు ముక్క ఉంటది, దాని మీద బొమ్మ నాణెం మీద ఉన్నట్టే పైకి ఉబ్బి ఉంటది. ఆ హబ్‌ని మెత్తగ ఉన్న ఉక్కు ముక్కలోకి గట్టిగా నొక్కితే అందులో గుంటలు పడి డై అయితది. ఒక్క హబ్‌తో మస్తు డైలు తీయొచ్చు. ఆ హబ్ కూడా ఇంకో మాస్టర్ డై నుంచి వచ్చిందే, ఆ మాస్టర్ డై కూడా మాస్టర్ హబ్ నుంచి వచ్చిందే, ఈ వరస గుర్తుపెట్టుకోకున్నా నష్టం లేదు. గుర్తుండాల్సింది ఒక్కటే: హబ్ డైని చేస్తది, డై బిల్లను చేస్తది. రెండు వేరే వేరే పనులు, వేరే రోజుల్లో, వేరే యంత్రాల మీద జరుగుతయి.

ఈ రెండు పనుల తేడా తెలియాలంటే తహసీల్దార్ ఆఫీసు రబ్బర్ స్టాంపును మతిలో పెట్టుకోండి. గుమాస్తా చెయ్యి వణికి స్టాంపు జరిగితే ఆ ఒక్క కాయితం మీద అక్షరాలు రెండుగా పడ్తయి, తర్వాతి కాయితం మంచిగనే ఉంటది. అట్ల కాకుండ స్టాంపు తయారు చేసినోడే రబ్బరు మీద అక్షరాలు రెండుసార్లు చెక్కిండనుకోండి, ఆ స్టాంపు వేసిన ప్రతి కాయితం మీద అదే తప్పు, అదే జాగల, అంతే దూరంలో పడ్తది. గుమాస్తా ఎంత జాగ్రత్తగా వేసినా తప్పు పోదు. ఈ రెండోదే డబుల్డ్ డై.

డై మీద రెండో ముద్ర ఎందుకు పడ్తది

పాత పద్ధతిలో హబ్‌ని ఒక్కసారి నొక్కితే బొమ్మ పూర్తిగా దిగకపోయేది. ఎందుకంటే ఉక్కును నొక్కుతున్నకొద్దీ అది గట్టిపడ్తది, ఇంకా నొక్కితే పగిలే ప్రమాదం. అందుకని ఒకసారి నొక్కి, ముక్కను తీసి, కొలిమిలో కాల్చి మెత్తబరిచి, మళ్లా తెచ్చి అదే హబ్ కింద పెట్టి నొక్కేటోళ్లు. ఒక్కోసారి మూడోసారి కూడా. రెండోసారి పెట్టినప్పుడు డై మొదటి స్థానంలోనే అచ్చంగా కూచోవాలె, వెంట్రుక వాసి పక్కకు తిరిగినా మొదటి ముద్ర పక్కనే రెండో ముద్ర పడ్తది. ఆ డైని ఎవరూ గమనించకుండ ప్రెస్‌లో బిగిస్తే ఇగ అది కొట్టే ప్రతి బిల్ల డబుల్డ్ డై బిల్లనే.

తప్పు ఎట్ల పడ్డదన్న దాన్ని బట్టి నిపుణులు వీటిని ఎనిమిది తరగతులుగా విడదీసిన్రు. అన్నీ చెప్పుడు అవసరం లేదు గానీ మూడు నాలుగు తెలిస్తే బిల్లను చదవడం వస్తది. డై నడిమి బిందువు చుట్టూ కొంచెం తిరిగిందనుకోండి, అంచు దగ్గరి అక్షరాల్లో దూరం ఎక్కువ, నడుమల ఏమీ కనపడదు. అట్ల కాకుండ అంచు మీది ఒక బిందువు దగ్గర పట్టుకుని తిరిగితే, ఆ బిందువు దగ్గర అక్షరాలు శుభ్రంగ ఉంటయి, దాని ఎదురు వైపు మాత్రం బాగా విడిపోయి ఉంటయి. మొత్తం ఒక పక్కకు జరిగితే అన్ని అక్షరాలూ ఒకే దిక్కుకు, ఒకే దూరం జరుగుతయి. అంటే నిజమైన డబుల్డ్ డైలో జరగడానికి ఒక లెక్క ఉంటది, ఒక అక్షరం చూస్తే పక్క అక్షరం ఎటు జరిగి ఉండాలో ముందే చెప్పొచ్చు. లెక్క కుదరకపోతే అనుమానించాల్సిందే.

ఇందులో అందరికంటే పేరున్నది అమెరికా 1955 పెన్నీ. ఫిలడెల్ఫియా టంకశాలలో ఒక రాత్రి పూట ఇట్లాంటి డై ఒకటి ప్రెస్‌లోకి పోయింది. దాదాపు 40,000 పెన్నీలు పడ్డంక తనిఖీ చేసేటోళ్లు గమనించిన్రు గానీ అప్పటికే 20,000 నుంచి 24,000 దాకా మంచి పెన్నీలతో కలిసిపోయినయి. వాటన్నిటినీ ఏరుడు ఎవరితోని అయితది, అంతా కరిగించుడు కంటే వదిలేసుడే నయమనుకున్నరు. అప్పట్లో అక్కడ వెండింగ్ మిషన్లలో సిగరెట్ పెట్టెకు చిల్లర పెన్నీలను పెట్టెలోనే పెట్టి ఇచ్చేటోళ్లు, చాలా మందికి ఈ పెన్నీలు అట్లనే దొరికినయి. ఇది నడుమ చుట్టూ తిరిగిన రకం, అందుకే లింకన్ తల పైన, వెనక ఉన్న అక్షరాలు, సంవత్సరం బాహాటంగ రెండుగా ఉంటయి, భూతద్దం కూడా అక్కర్లేదు. చేతులు మారి అరిగిన పీస్ కూడా ఇప్పుడు వెయ్యి డాలర్లకు తక్కువ దొరకడం కష్టమే. రీల్స్‌లో చూపించే లక్షల ముచ్చటకు మూలం ఇసొంటి నాణేలే, మన పావలా బిల్ల కాదు.

1990ల నడుమ నుంచి అమెరికా టంకశాల పద్ధతి మార్చింది, ఇప్పుడు ఒక్క నొక్కుతోనే డై అయిపోతది. రెండోసారి పెట్టుడే లేదు కాబట్టి తప్పు రావొద్దు కదా అనిపిస్తది. కానీ వస్తనే ఉన్నది. నొక్కే ముందు డై ముక్క మొన కొంచెం గోపురంగ ఉంటది, హబ్ ముందు నడుమలనే తగుల్తది, ఆ క్షణంలో ముక్క కొద్దిగ వంగి ఉంటే నడుమ ఒక చిన్న ముద్ర పడి, తర్వాత ఒత్తిడికి సర్దుకుని పూర్తి ముద్ర పడ్తది. అందుకే కొత్త డబుల్డ్ డైలు ఎక్కువగ నాణెం నడుమల, చిన్నగ ఉంటయి. 2005 మిన్నెసోటా క్వార్టర్ (పావు డాలర్ బిల్ల) మీద చెట్ల వరసలో అదనపు చెట్టు ముక్క, 2009 లింకన్ పెన్నీ మీద కుర్రోడు లింకన్ చేతికి అదనపు వేలు, ఇవన్నీ ఆ బాపతే. ఇట్లాంటి వాటిల్లో కొన్నింటికి ధర ఉన్నది, చాలా వాటికి పెద్దగ లేదు.

రెండుగా కనిపిస్తది గానీ డబుల్డ్ డై కాదు

అసలు గందరగోళమంతా ఇక్కడనే. డై మంచిగ ఉండి కూడా బిల్ల మీద అక్షరాలు రెండుగా కనిపించే కారణాలు చాలా ఉన్నయి.

మొదటిది, అన్నింటికంటే ఎక్కువ దొరికేది, మెషిన్ డబ్లింగ్. ప్రెస్ దెబ్బ కొట్టింది, బొమ్మ మంచిగనే పడ్డది, డై వెనక్కి లేస్తున్నది, ఆ డై బిగింపు కొంచెం వదులుగా ఉన్నది. లేసే క్షణంలో డై సన్నగ పక్కకు జారి అప్పుడే పడ్డ అక్షరం అంచును ఒత్తి చదును చేస్తది. అంటే కొత్తగ లోహం ఏమీ చేరలేదు, ఉన్న అక్షరంలో నుంచే ఒక పక్కను కోసి కిందికి తొక్కింది. అందుకే దాని గుర్తు ఎట్ల ఉంటదంటే, అక్షరం పక్కన చదునైన మెట్టు, ఆ మెట్టు బిల్ల నేల (అక్షరాలు లేని చదును భాగం) మట్టానికి దగ్గరగ, కొత్తగ ఒత్తిన లోహం కాబట్టి వెలుతుర్లో తళుక్కుమంటది, అసలు అక్షరం మాత్రం ఉండాల్సిన దానికంటే సన్నబడి ఉంటది.

డబుల్డ్ డై దీనికి పూర్తిగ ఉల్టా. అక్కడ డైలోనే గుంట రెండు ఉన్నయి కాబట్టి లోహం రెండింట్లోకీ పోయి నిండింది. రెండో అక్షరం కూడా గుండ్రంగ, ఉబ్బి ఉంటది, మొత్తం మీద అక్షరం లావైతది, మూలల దగ్గర రెండు మొనలు విడివిడిగ, నడుమ చిన్న చీలిక కనిపిస్తది. సన్నబడ్డదా లావైందా, ఈ ఒక్క మాట అడిగితే సగం అనుమానాలు అక్కడికక్కడ తీరిపోతయి.

రెండోది డై అరుగుడు. లక్షల దెబ్బలు కొట్టినంక డైలో గుంటల అంచులు కరిగిపోయినట్టు అయితయి, అక్షరాల చుట్టూ మసక మసకగ, ఉబ్బినట్టు ఇంకో నీడ వస్తది, అదీ ఎక్కువగ బిల్ల అంచు దిక్కే. దీంట్లో చీలిక ఉండదు, గీత స్పష్టంగ ఉండదు, చుట్టూ నేల కూడా గరుకుగ ఉంటది. అమెరికాలో 1955లోనే ఇట్ల అరిగిన డైతో పడ్డ పెన్నీలు ఉన్నయి, సంవత్సరంలో చివరి 5 పక్కన నీడ ఉంటది, అక్కడోళ్లు దీన్ని 'పేదోడి డబుల్డ్ డై' అని ఎగతాళిగ పిలుస్తరు. అదే సంవత్సరం, అదే పెన్నీ, చూపుకు అదే తప్పు, ధర మాత్రం కొన్ని డాలర్లు. ఆ పక్కన అసలుది వెయ్యి దాటుతది. ఈ రెండు పెన్నీలను పక్క పక్కన పెట్టి చూసినోళ్లకు ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

మూడోది డబుల్ స్ట్రైక్, బిల్ల ప్రెస్‌లో నుంచి బయటపడకుండ అక్కడనే ఇరుక్కుంటే రెండో దెబ్బ పడ్తది. ఇది రెండు వైపులా తెలుస్తది, మొదటి బొమ్మ నలిగి ఉంటది. ఇది నిజమైన ఎర్రరే, ధర కూడా ఉంటది, కానీ ఒక్కో బిల్ల ఒక్కో రకం, డైకి సంబంధం లేదు. చేత్తో సుత్తె దెబ్బ మీద నాణేలు కొట్టిన కాలంలో ఇది మామూలు సంగతి, జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల నాణేల కాలంలో ఆ పద్ధతి ఉండేది. ఆ నాణేల విలువ వేరే, చరిత్రది, ముద్ర జరిగిందని ఎవరూ ఎక్కువ పైసలియ్యరు.

ఇగ టంకశాల దాటినంక జరిగేవి ఉన్నయి. కాజీపేట పట్టాల మీద పిల్లగాండ్లు పెట్టి నలిపిన బిల్ల, బెంచీ వైస్‌లో రెండు బిల్లలు పెట్టి బిగిస్తే ఒకదాని అక్షరాలు ఇంకోదాని మీద తిరగేసి దిగిన బిల్ల, ఇవన్నీ ఆన్‌లైన్ అమ్మకాల్లో 'అరుదైన ఎర్రర్' అయిపోతయి. తిరగేసి, లోపలికి దిగిన అక్షరాలు కనిపిస్తే సాధారణంగ చేత్తో చేసిన పనే అనుకోవచ్చు, బ్రోకేజ్ అనే అసలైన ఎర్రర్‌లో కూడా తిరగేసిన బొమ్మ ఉంటది గానీ అందులో ఒక వైపు బొమ్మే రెండో వైపు లోపలికి పూర్తిగ, శుభ్రంగ దిగి ఉంటది. మన నాణేల వ్యాపారులు దాన్ని లఖి అంటరు.

ఒక ఐదు రూపాయల బిల్లను లూప్ (చిన్న భూతద్దం) కింద పెడితే

అనుకుందాం, 1990ల నాటి మందంగ ఉండే తెల్ల ఐదు రూపాయల బిల్ల, కుప్రోనికెల్‌ది (రాగి, నికెల్ కలిపిన లోహం), తొమ్మిది గ్రాముల బరువుది, ఒకరు తెచ్చి ఇండియా అని ఇంగ్లిష్‌లో ఉన్న అక్షరాలు రెండుగా ఉన్నయి అన్నరు. ఫోన్ ఫొటోలో నిజంగనే అట్ల కనిపిస్తున్నది. ఫోన్ ఫొటోతో ఒక చిక్కు ఏందంటే, రెండు మూడు బల్బుల వెలుతురు పడితే ఒక్కో అంచుకు రెండు మెరుపులు వస్తయి, లేని డబ్లింగ్ కూడా పుడ్తది. అవుసులోళ్ల దగ్గర ఉండే పది రెట్ల లూప్, ఒకే ఒక్క దిక్కు నుంచి వెలుతురు, దీంతో చూస్తే సంగతి వేరే ఉంటది.

ఎన్ అక్షరం చూద్దాం. దానికి రెండు నిలువు కాళ్లు, నడుమ ఒక అడ్డ గీత. కుడి దిక్కు ప్రతి కాలు పక్కన ఒక పట్టీ ఉన్నది. బిల్లను వేళ్ల మధ్య మెల్లగ తిప్పితే ఒక కోణంలో ఆ పట్టీ మొత్తం ఒకేసారి తళుక్కుమన్నది, అంటే అది చదునుగ ఉన్నది. పట్టీ ఎత్తు అక్షరం ఎత్తులో సగం కూడా లేదు. ఎన్ కాలు మాత్రం పక్కనే ఉన్న ఇంకో మంచి బిల్లలో ఎన్ కాలు కంటే సన్నగ ఉన్నది. సంవత్సరం అంకెల్లో కూడా అంతే, పట్టీ అదే కుడి దిక్కు. అంకెల మూలల్లో ఎక్కడా చీలిక లేదు. ఇది మెషిన్ డబ్లింగ్, ఇంకో మాట లేదు. దీని ధర ఐదు రూపాయలు.

ఇప్పుడు అదే జాగల ఇంకో బిల్ల అనుకుందాం. ఎన్ కాలు లావుగ ఉన్నది, కాలు చివర మొన ఒకటి కాదు, రెండు, నడుమ సన్న గీత. తిప్పితే ఆ రెండో అంచు ఒకేసారి మెరవలేదు, గుండ్రంగ ఉన్నది కాబట్టి వెలుతురు మెల్లగ జారింది. డి అక్షరంలో విడిపోవడం ఇంకొంచెం ఎక్కువ, నడుమ సింహాల బొమ్మలో ఏమీ లేదు. అంచుకు పోయినకొద్దీ ఎక్కువ, నడుమ సున్నా, అంటే నడుమ చుట్టూ తిరిగిన లెక్కకు సరిపోతున్నది. ఇది ఆగి చూడాల్సిన బిల్ల. కానీ ఇంకా తేలలేదు, తేలాలంటే అదే సంవత్సరం, అదే టంకశాల గుర్తు ఉన్న ఇంకో బిల్ల మీద అచ్చంగ అదే జాగల, అదే దిక్కు, అంతే విడిపోవడం దొరకాలె. డై తప్పు అయితే అది తప్పకుండ మళ్లా వస్తది, ఒక్క బిల్లతోని ఆగదు. వదులు డైతో కూడా వరసగ చాలా బిల్లలు పాడైతయి గానీ ఒక్కో దానిలో ఒక్కో మోతాదులో జరుగుతది, రెండు పక్కపక్కన పెడితే కలవవు.

టంకశాల గుర్తు అన్నందుకు ఒక మాట. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నక్షత్రం ఉంటే అరుదైనది అని ఎవరో ప్రచారం చేసిన్రు గానీ మన దిక్కు చిల్లరలో ఎక్కువ కనిపించేదే అది. హైదరాబాద్ టంకశాల 1803 నాటిది, నిజాముల కాలంలో మొదలై 1903లో సైఫాబాద్‌కు వచ్చింది, 1997 నుంచి చర్లపల్లిలో నడుస్తున్నది. సైఫాబాద్ పాత బిల్డింగులో 2022లో మ్యూజియం తెరిచిన్రు.

ఒక చిన్న అక్షరం పట్టిచ్చిన సంగతి

డబ్లింగ్ ఎక్కడ పుట్టిందో తేల్చడానికి అమెరికా 1969 శాన్‌ఫ్రాన్సిస్కో పెన్నీ మంచి పాఠం. అప్పట్లో అక్కడ సంవత్సరం హబ్‌తోనే పడేది, టంకశాల గుర్తు ఎస్ మాత్రం డై తయారైనంక ఒకరు చేత్తో విడిగ కొట్టేటోళ్లు. అంటే హబ్ రెండుసార్లు పడ్డ డైలో సంవత్సరం రెండుగా ఉంటది, ఎస్ మాత్రం ఒక్కటే ఉండాలె, ఎందుకంటే హబ్‌లో అది లేనే లేదు. సంవత్సరం, ఎస్ రెండూ ఒకే దిక్కుకు జరిగి ఉంటే అది ప్రెస్ దగ్గర జరిగిన మెషిన్ డబ్లింగే. ఒక్క అక్షరం చూస్తే చాలు, మొత్తం కథ తెలిసిపోతది.

ఈ పెన్నీకి ఇంకో కథ కూడా ఉన్నది. ఆ కాలంలోనే ఇద్దరు మోసగాళ్లు 1969 పెన్నీకి దొంగ డబుల్డ్ డైలు చేసి అమ్మిన్రు. ఆ హడావుడిలో, దొంగ డబ్బుల కేసులు చూసే అమెరికా సీక్రెట్ సర్వీస్ వాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో అసలు నాణేలు కూడా దొంగవే అనుకుని కొన్ని జప్తు చేసి నాశనం చేసిన్రు. అవి టంకశాలలోనే పడ్డవని తర్వాత తేలింది. ప్రభుత్వ నిపుణులే తికమక పడ్డరంటే ముప్పై సెకండ్ల రీల్ చూసి తేల్చుడు ఎట్ల అయితది?

ఈ ఎస్ సూత్రం పాత అమెరికా పెన్నీలకు పనికొచ్చేది, గుర్తును విడిగ కొట్టే చోట మాత్రమే. గుర్తు కూడా హబ్‌లోనే ఉంటే అది కూడా మిగతా అక్షరాలతో పాటు రెండుగా రావొచ్చు, కాబట్టి అన్ని దేశాల బిల్లల మీద గుడ్డిగ వాడేది కాదు.

సేకరించేటోళ్ల మధ్యనే తెగని పంచాయితీలు

డబుల్డ్ డైని ఎర్రర్ అనాల్నా, వెరైటీ అనాల్నా అనే దాని మీదనే ఏకాభిప్రాయం లేదు. ఒక వర్గం ఏమంటదంటే, ఎర్రర్ అంటే ఒక్క బిల్లకు జరిగిన ప్రమాదం, డబుల్డ్ డై అట్ల కాదు, వేల బిల్లలు అచ్చంగ ఒకటే తీరుగ ఉంటయి, కాబట్టి ఇది ఒక రకం, వెరైటీ. ఇంకో వర్గం, డై అట్ల ఉండాలని ఎవరూ అనుకోలేదు కదా, తప్పు తప్పే, ఎన్నిసార్లు జరిగితే ఏంది అంటది. ఇది ఉత్త మాటల గొడవ అనిపిస్తది గానీ ధర దగ్గరికి వచ్చేసరికి తేడా పడ్తది. ఎర్రర్ అనుకుంటే ప్రపంచంలో ఇది ఒక్కటే అని అమ్మొచ్చు. వెరైటీ అనుకుంటే ఇంకా ఎన్ని ఉన్నయో లెక్క చూడాలె. అమ్మేటోళ్లు మొదటి మాట, కొనేటోళ్లు రెండో మాట వాడుడు మామూలే.

మెషిన్ డబ్లింగ్ మీద కూడా ఇట్లనే ఉన్నది. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి, నాణేలను పరీక్షించి స్థాయి చెప్పే అమెరికా గ్రేడింగ్ కంపెనీలు దాన్ని వెరైటీగ లెక్కలోకి తీసుకోవు. అది డైలో లేదు, కొట్టిన తర్వాత జరిగిన నష్టం, అంతే అని వాళ్ల లెక్క. దానికి ఎదురు మాట చెప్పేటోళ్లు, బిల్ల ఇంకా టంకశాల ప్రెస్‌లోనే ఉన్నప్పుడు జరిగింది కదా, బయట ఎవరూ చేసింది కాదు, చూపుకు కొట్టొచ్చినట్టు ఉంటే పది ఇరవై రూపాయలకు కొనుక్కుని దగ్గర పెట్టుకుంటే తప్పేంది అంటరు. ఈ వాదనలో బలం లేకపోలేదు, నేర్చుకునేటోళ్లకు నిజంగనే పనికొస్తది. చిక్కు ఎప్పుడు వస్తదంటే పది రూపాయల దాన్ని పదివేల రకం పేరుతో అమ్మినప్పుడు.

మూడో పంచాయితీ కంటికి కనిపించని వాటి మీద. నలభై రెట్ల మైక్రోస్కోప్ కింద మాత్రమే కనిపించే డబ్లింగ్‌ని కూడా జాబితాలో ఎక్కించాల్నా? ఎక్కించాలె, డై చరిత్ర అదే అని పరిశోధన ఇష్టమున్నోళ్లు అంటరు. చేత్తో పట్టుకుంటే కనిపించనిదానికి ఎవరు పైసలిస్తరు అని వ్యాపారులు అంటరు. నా మట్టుకు నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తది, ఎందుకంటే వాళ్లు మాట్లాడేది ఒకే సంగతి కాదు, ఒకరిది తెలుసుకునుడు, ఇంకొకరిది అమ్ముడు.

అరుదు వేరే, ధర వేరే

అరుదైతే ధర ఉంటదని అందరం అనుకుంటం. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక తప్పు డై లక్ష బిల్లలు కొట్టిందనుకుందాం, అందులో మంచి స్థితిలో ఇప్పటికి వెయ్యి మాత్రమే మిగిలినయి అనుకుందాం. అమెరికా పెన్నీ అయితే దాన్ని కావాలనుకునేటోళ్లు పది వేల మంది ఉండొచ్చు, ఎందుకంటే పెన్నీలు వరసగ జమ చేసే అలవాటు అక్కడ తరాల నుంచి ఉన్నది, ఒక్కో డైకి నెంబర్ ఇచ్చి ఫొటోలతో జాబితాలు ఉన్నయి, ఆల్బమ్‌లో ఆ జాగ ఖాళీగ కనిపిస్తది. ఒక్కో బిల్లకు పది మంది పోటీ. మన దగ్గర అదే వెయ్యి బిల్లలకు యాభై మందే ఉన్నరనుకోండి, తలా ఒకటి తీసుకున్నా తొమ్మిది వందల యాభై మిగిలిపోతయి, ధర ఎక్కడి నుంచి లేస్తది? అంకెలు ఊహవే గానీ ధర నడిచే తీరు ఇదే. 1955 పెన్నీ ఇరవై వేలకు పైన బయటికి వచ్చినా అంత ధర ఎందుకంటే, కావాలనుకునేటోళ్లు అంతకంటే ఎక్కువ కాబట్టి.

స్థితి కూడా ధరను నడిపిస్తది. దొరికిన బిల్లను ఇంట్లో ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతోని తోమి తళతళ మెరిపిస్తరు కొందరు. దాంతో పైపొర పోయి సన్నటి గీతలు పడ్తయి, అసలు డబుల్డ్ డై అయినా విలువ సగానికి సగం పడిపోతది.

ఇగ బిల్లలు దొరికే జాగల సంగతికొస్తే, ఫోన్‌పే వచ్చినంక జేబులో చిల్లరే కరువైంది. ఇప్పుడు బిల్లలు కుప్పలుగ కనిపించేది హుండీల దగ్గరే. మేడారం జాతర అయిపోయినంక హన్మకొండలో టీటీడీ కల్యాణ మండపంలో హుండీలు లెక్కపెడ్తరు, వేములవాడ రాజన్న దగ్గర కూడా లెక్కింపు నడుస్తది. ఆ చిల్లర బ్యాంకులకు పోయి మళ్లా దుకాణాలకు వస్తది, కొద్దిమంది సేకరించేటోళ్లు దుకాణదారులతో దోస్తీ చేసి సంచులు మార్చుకుని చూసేది అందుకే.

లక్షల రీల్ వెనక ఏమున్నది, చట్టం ఏమంటది

లక్షలిస్తమనే ప్రకటనల్లో చాలా వాటికి బిల్లతోని పనే లేదు. బిల్ల ఫొటో పంపంగనే మూడు లక్షలకు కొంటం అంటరు, తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత ఆర్‌బీఐ సర్టిఫికెట్ ఖర్చు, ఇట్ల ఒక్కోటి అడుగుతరు. బిల్ల మీ దగ్గరనే ఉంటది, పైసలు మాత్రం పోతయి. కొనేటోడు అమ్మేటోని దగ్గర ముందస్తు ఫీజు అడుగుడు ఏ బేరంలో ఉంటది? 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు, నాణేల అమ్మకాలు కొనుగోళ్లతో మాకు సంబంధం లేదు, మేము ఎవరి దగ్గరా ఫీజు గానీ కమీషన్ గానీ తీసుకోం, మా పేరు వాడుకునే అధికారం ఎవరికీ ఇయ్యలేదు అని. ఇట్ల పైసలు పోయినోళ్ల ఫిర్యాదులు తీసుకునే సైబర్ క్రైమ్ నెంబర్ 1930.

చట్టం దిక్కు చూస్తే 2011 నాణేల చట్టం ఉన్నది. దాని ప్రకారం నాణేలను కరిగించుడు, ధ్వంసం చేసుడు నేరం. దాంతో పాటు, మామూలు అవసరానికి మించి కుప్పలుగ నాణేలు దగ్గర పెట్టుకుని, ముద్రించిన విలువకు వేరే ధరకు అమ్మాలనే ఉద్దేశం ఉంటే అది కూడా అందులోకి వస్తది. ఈ మాట పట్టుకుని నాణేల సేకరణ అంటేనే చట్టవిరుద్ధం అని భయపెట్టేటోళ్లు ఉన్నరు, దేశమంతటా నాణేల ప్రదర్శనలు, వేలంపాటలు బహిరంగంగ నడుస్తున్నయి కదా అని కొట్టిపారేసేటోళ్లూ ఉన్నరు. చట్టం అవసరానికి మించి అన్నది గానీ ఎన్ని బిల్లలో అంకె చెప్పలేదు. ఆల్బమ్‌లో నాలుగు డబుల్డ్ డైలు పెట్టుకున్నోడు వేరే, చిల్లర కొరత ఉన్నప్పుడు బస్తాలు దాచి లోహం కోసం అమ్మేటోడు వేరే. ఈ మాటలు రాసింది రెండోవాడిని దృష్టిలో పెట్టుకుని అనేదే ఎక్కువ మంది సేకరించేటోళ్లు చెప్పే అర్థం.

నూరేళ్లు దాటిన నాణేలకు నియమాలు వేరే, అవి 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తయి, దేశం దాటించకూడదు. పొలం దున్నుతుంటే దొరికిన పాత నాణేల కుండకు 1878 నాటి నిధి చట్టం ఉన్నది, కలెక్టర్‌కు చెప్పాల్సిందే. మన చారానా బిల్లకు ఇవేవీ వర్తించవు, పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30తో చలామణి నుంచి తీసేసిన్రు, వాటిని ఇప్పుడు ఏ బ్యాంకూ మార్చియ్యదు. దాని మీద డబ్లింగ్ ఉన్నా లేకున్నా, కొనేటోడు దొరికితేనే దానికి ధర.